సెకనుకి అయిదు

ఫిబ్రవరి 3, సోమవారం

మళ్ళీ అదే మాట. రేపల్లె నుంచి ఏసమ్మ అత్త ఫోన్ చేస్తే అమ్మ స్పీకరు పెట్టి, గోరుచిక్కుళ్ళు తుంచుతూ మాట్లాడుతోంది. పక్కగదిలో నేనున్నానని తెలిసే మాట్లాడుతోందని నా అనుమానం.

"మా సలోమి నాన్నకూచి వదినా. ఆయనొక్కడే ఆ ఇనుముతో కుస్తీ పడుతున్నాడని ఉద్యోగం మానుకుని మరీ వచ్చింది."

"దేవుడిచ్చిన బిడ్డ," అంది అత్త. యెరూషలేము యాత్ర చేసొచ్చిన దగ్గర్నుంచీ అత్త ఏమన్నా దీవించినట్టే ఉంటుంది.

తిడితే తిరిగి తిట్టొచ్చు. ఇలా మెచ్చుకుంటే ఏం చెయ్యాలి? చెన్నైలో రెండేళ్ళు పంపుల బొమ్మలు గీశాను, కంప్యూటరు తెర మీద. నేను గీసిన పంపు ఒక్కటంటే ఒక్కటి తిరగడం చూడలేదు. ఇక్కడ చుండూరులో, రామకోటి గారి మూతబడ్డ రైస్ మిల్లు షెడ్డులో, నాన్న విడిభాగాలుగా పెట్టెల్లో తెప్పించుకుని రెండున్నరేళ్ళుగా బిగిస్తున్న హెలికాప్టర్ ఉంది. అది తిరుగుతుంది. దాని కోసం వచ్చాను. నాన్న కోసం కాదు.

ఈ మాట ఇంట్లో అంటే అమ్మ బాధపడుతుంది. నాన్న నవ్వుతాడేమో. అనలేదు.

ఫిబ్రవరి 5, బుధవారం

మొదటిసారి నిండు వేగం.

వడ్లు ఆరబోసే సిమెంటు కళ్ళంలో నాలుగు ఇనపరింగులు పాతి, హెలికాప్టర్ కాళ్ళు గొలుసులతో వాటికి కట్టాం. నాన్న సీట్లో. నేను మంటలార్పే సిలిండరు ఒక చేత్తో, పరీక్షలన్నీ రాసే లాగుపుస్తకం ఒక చేత్తో, ఇరవై అడుగుల అవతల. ఆ చప్పుడు చెవిలోకి రాదు, ఛాతీలోకి వస్తుంది. ఏ ఏడాది ఊకో, సిమెంటు పగుళ్ళలోంచి లేచి షెడ్డు రేకుల దాకా ఎగిరింది. గొలుసులు బిగిశాయి. ఒక్క క్షణం నాలుగూ ఒకేసారి బిగిశాయి.

ఇంజను ఆపాక రెక్కలు పూర్తిగా ఆగేదాకా నాన్న దిగలేదు.

"ఎలా ఉందమ్మా?"

"కట్టేసిన దున్నపోతులా ఉంది."

తెగ నవ్వాడు.

సాయంత్రం రామకోటి గారు వచ్చారు. "మార్చి మొదటివారం నించీ మొక్కజొన్న ఆరబోసుకుంటామని వరస కట్టారండి ఏసుపాదం గారూ. కళ్ళం ఖాళీ కావాలి." నాన్న అక్కడికక్కడే తారీకు చెప్పేశాడు. మార్చి ఒకటి, శనివారం. శ్రమల కాలం, అంటే ఈస్టరు ముందు నలభై రోజుల ఉపవాసాలు, మొదలయ్యేలోపు కాబట్టి పాస్టరు గారూ వచ్చి ప్రార్థన చేస్తారు. ఆ రోజు గొలుసులు విప్పుతారు. అడుగు ఎత్తు.

"అనుమతి కాగితాలు ఇంకా రాలేదు కదా నాన్నా."

"అడుగు ఎత్తుని ఎగరడం అనరమ్మా. లేచి నిలబడటం అంటారు."

ముప్పై ఏళ్ళు ఎయిర్‌ఫోర్స్‌లో హెలికాప్టర్లు బాగుచేసి వేరేవాళ్ళకి అప్పజెప్పాడు. రిటైరయ్యాక బెంగళూరు వెళ్ళి నడపడం నేర్చుకున్నాడు. పెనుమూడి వారధి మీదుగా పోయి, కృష్ణ సముద్రంలో కలిసే చోటు పైనుంచి చూడాలని ఆయన కోరిక. అడుగు ఎత్తు నుంచి కృష్ణ కనపడదు. అనలేదు.

ఫిబ్రవరి 7, శుక్రవారం

రెక్కలు రెండూ ఒకే ఎత్తులో తిరుగుతున్నాయా లేదా చూడాలి. ఒక్కో రెక్క చివర ఒక్కో రంగు పూస్తారు. తిరుగుతుండగా, గెడకి కట్టిన తెల్లగుడ్డని పక్కనుంచి నెమ్మదిగా తాకిస్తారు. రెండు రంగులూ ఒకే చోట పడితే సరి. సర్వీసులో రంగుసుద్దలు వాడేవారట. నాన్న దుగ్గిరాల పసుపు ఒకదానికీ, కుంకుమ ఒకదానికీ తడిపి పూశాడు. గుడ్డ, అమ్మ ఒకప్పుడు చర్చికి కట్టుకున్న పాత తెల్లచీర.

రామకోటి గారు వచ్చి చూసి, చెప్పులు విప్పేశారు.

"క్రైస్తవులైనా పద్ధతి తెలిసినవాళ్ళండి మీరు! కొబ్బరికాయ నేను తెప్పిస్తానుండండి."

"పూజ కాదండీ బాబూ. కొలత."

"ఏదైతే ఏంటండి, బొట్టు పెట్టారా లేదా?"

గెడ నాన్న పట్టుకోవాలి కాబట్టి సీట్లో నేను కూర్చున్నాను. ఎడమచేతి లివరు పూర్తిగా కిందికి. కుడిచేతిలో స్టిక్కు, నిటారుగా. మొదటిసారి గుడ్డ మీద రంగు గీతగా పడకుండా వంకరటింకరగా గీరుకుపోయింది. గాలి. అంటే రెక్కల గాలి. బయట ఆకు కదలడం లేదు. రెండోసారి గెడని నాన్న స్తంభానికి ఆనించి పట్టుకున్నాడు. పసుపుకీ కుంకుమకీ రెండు వేళ్ళ ఎడం. సరిచేశాం. అయిదోసారికి పసుపు మీద కుంకుమ, ఒకే గీత.

సీట్లో కూర్చున్న పదకొండు నిమిషాల గురించి ఏమీ రాయను.

ఫిబ్రవరి 8, శనివారం

పదకొండు నిమిషాలు.

ఫిబ్రవరి 11, మంగళవారం

ఈరోజు నాన్న సీట్లో. పది నిమిషాలకే ఆపేసి, "స్టిక్కు కొట్టుకుంటోందమ్మా," అన్నాడు. రెక్కల తేడా ఉంటే స్టిక్కులో తెలుస్తుంది. కానీ శుక్రవారం ఒకే గీత పడింది కదా.

మధ్యాహ్నం బస్సులో బాపట్ల వెళ్ళి, మా కాలేజీ ల్యాబులోంచి అదురు కొలిచే మీటరు అడిగి తెచ్చాను. ల్యాబు సార్ ఇంకా నన్ను గుర్తుపట్టారు. "ఏంటమ్మా, సొంత హెలికాప్టరా! మా రోజుల్లో పిల్లలు మిక్సీలు తెచ్చేవాళ్ళు."

అమ్మకి ఈమధ్య పాలపొదుపు పట్టుకుంది. నాన్నకి కాఫీ సగం గ్లాసే పోస్తుంది. అది తాగాక మళ్ళీ సగం. నాకు మాత్రం నిండుగానే ఇస్తుంది.

ఫిబ్రవరి 14, శుక్రవారం

మీటరు స్టిక్కుకి కట్టి మూడు వేగాల్లో చూశాం. తప్పు రెక్కల్లో ఉంటే, రెక్కలు జోరందుకున్నకొద్దీ అదురు కూడా జోరందుకోవాలి. ఇది మారడం లేదు. నిమిషానికి మూడొందల చుట్లు తిరిగినా, నాలుగొందలు తిరిగినా, అయిదొందలు తిరిగినా స్టిక్కులో అదురు ఒకటే. సెకనుకి అయిదు.

నాన్న దిగాక నేనెక్కి అదే మూడు వేగాల్లో చూశాను. మీటరు కాగితం మీద గీత చదునుగా ఉంది.

బరువు తేడా. నాన్న డెబ్భై ఆరు, నేను యాభై. అంతే.

ఫిబ్రవరి 15, శనివారం

పక్క సీట్లో ఇరవై ఆరు కిలోల తవుడు బస్తా బెల్టు పెట్టి కట్టి, తిప్పి చూశాను. చదునే.

బస్తా మనిషి కాదు. మనిషి బరువు ఒకచోట ఉండదు, ఊపిరి తీసినా మారుతుంది. ఇదేం పెద్ద రుజువు కాదు.

ఫిబ్రవరి 17, సోమవారం

దొరికింది! పొద్దున స్టిక్కు పట్టుకుంటే పిడి జిడ్డుగా జారింది. నిన్నటి ఆదివారం మేమెవరం షెడ్డుకి రాలేదు. అంటే పైన రెక్కల తలకాయలో గ్రీజు కరిగి, గొట్టం వెంట దిగుతోందన్నమాట. లోపల బేరింగు వేడెక్కుతోంది. అదురు అక్కడిదే.

"నాన్నా, వాసన చూడు. గ్రీజులా లేదు, ఏదో పచ్చి ఆకు నలిపినట్టుంది."

నాన్న వేలికి రాసుకుని చూశాడు. చాలాసేపు చూశాడు. "వేడెక్కితే గ్రీజుకి అన్ని వాసనలూ వస్తాయమ్మా."

"విప్పుదామా?"

"విప్పుదాం."

ఎంత తేలికపడ్డానో చెప్పలేను.

ఫిబ్రవరి 19, బుధవారం

రెండు రోజులుగా విప్పడమే. నట్లన్నీ నేనే తీస్తున్నాను, నాన్న స్టూలు మీద కూర్చుని చెప్తున్నాడు. ముసలివాళ్ళకి అలా కూర్చుని చెప్పడం ఇష్టం.

మధ్యలో ఆయన పాత కథ. నేను వంద సార్లు విన్నదే. ఒక పెద్ద అధికారి, ఆయనతో విందుకి వచ్చిన చుట్టాలు, అందరూ ఎక్కడానికి సిద్ధంగా ఎండలో నిలబడ్డారు. తోక దగ్గర ఒక పిన్ను నాన్నకి నచ్చలేదు. ఎగరొచ్చని సంతకం పెట్టలేదు. గంటన్నర నిలబెట్టాడు. ఆ అధికారి బతిమాలాడు, బెదిరించాడు, చివరికి సిగరెట్టు ఇవ్వబోయాడు.

"రెండే నియమాలమ్మా. ఎక్కేవాడు సంతకం పెట్టకూడదు. సంతకం పెట్టేవాడు ఎక్కేవాడి మొహం చూడకూడదు."

మా లాగుపుస్తకంలో సంతకం నాది. నేను వచ్చిన దగ్గర్నుంచీ నాదే.

బేరింగు విప్పి చూశాం. గ్రీజు వెన్నముద్దలా ఎక్కడిదక్కడే ఉంది.

ఫిబ్రవరి 20, గురువారం

బిగించి తిప్పాం. నాన్న సీట్లో ఉంటే అయిదు.

మీటరు పాతది. మా బ్యాచ్ వాళ్ళు దాన్ని రెండుసార్లు కింద పడేశారు.

ఫిబ్రవరి 21, శుక్రవారం

పొద్దున ఏడింటికి షెడ్డుకి వెళ్ళాను. అమ్మ ఉపవాస ప్రార్థనకని నాకంటే ముందే ఇంట్లోంచి వెళ్ళింది. షెడ్డు తలుపు తాళం తీసి ఉంది. హెలికాప్టర్ మెట్టు కింద అమ్మ చెప్పులు.

అమ్మ సీట్లో ఉంది. రెండున్నరేళ్ళలో దాన్ని వేలితో కూడా తాకని అమ్మ. కుచ్చిళ్ళు మోకాళ్ళ మధ్య నొక్కిపట్టి, స్టిక్కు పిడిని రెండు చేతుల్తో పట్టుకుని, కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతోంది. ఒళ్ళో చిన్న సీసా. ఏసమ్మ అత్త యెరూషలేము నుంచి తెచ్చిన ఒలీవ నూనె.

ప్రార్థన అయ్యేదాకా ఆగలేకపోయాను. "నువ్వా! ఈ నూనె మూలంగా మూడు రోజులు తలకాయంతా విప్పాం! నువ్వు నూనె రాస్తే బాగుపడటానికి ఇదేమన్నా జ్వరమొచ్చిన పిల్లా? యంత్రమమ్మా ఇది!"

అమ్మ ఉలిక్కిపడలేదు. కళ్ళు తెరిచి, సీసాకి మూత బిగించింది.

"యంత్రానికి నా ప్రార్థనెందుకే? దానికి మీరిద్దరున్నారుగా. ఆయన చెయ్యి పెట్టే చోటు కదా అని రాశాను. నిద్రలో చేతికే రాద్దామనుకున్నా. మెలకువొస్తే ఏమని చెప్పను?"

"ఏ చెయ్యి?"

అమ్మ నన్ను ఎగాదిగా చూసింది. జాలో, ఆశ్చర్యమో.

"కాఫీ సగమే ఎందుకు పోస్తున్నాననుకున్నావే?"

నేను స్టిక్కు పిడి వైపు చూశాను.

"పోయిన క్రిస్మస్ కాదు, అంతకుముందు క్రిస్మస్‌కి గుడిలో ప్రభువు భోజనం దగ్గర ఆయన చేతిలో ద్రాక్షరసం చిన్న గ్లాసు తొణికింది. అప్పటినించీ వరసలో చివర నిలబడతాడు. గడ్డం బయట గీయించుకుంటున్నాడు. ఇంజనీరమ్మవి, నీకు కనపళ్ళేదా?"

"నీకు తెలుసని నాన్నకి తెలుసా?"

"తెలీకుండానే సగం గ్లాసు తాగి, మాట్లాడకుండా మళ్ళీ చాస్తాడా?"

"మరి వద్దని నువ్వెందుకు చెప్పవు?"

అమ్మ నా భుజం పట్టుకుని దిగింది. నేల మీద కాలు ఆనాక అంది: "కొలిచేదానివి నువ్వు వచ్చావుగా. నువ్వే చెప్తావులే అనుకున్నా."

ఫిబ్రవరి 23, ఆదివారం

గుడి. నాన్న పాటల పుస్తకం తెరవలేదు. పాటలన్నీ నోటికొచ్చంటాడు. వచ్చు.

కుడిచెయ్యి ఎడమచెయ్యి కింద పెట్టుకుని కూర్చున్నాడు, గంటన్నర.

ఫిబ్రవరి 24, సోమవారం

లాగుపుస్తకం మొదటి పేజీ నుంచి చూశాను. మొదట్లో నాన్న అక్షరాలు గుండ్రంగా, గీతల మధ్య నిండుగా ఉన్నాయి. పోనుపోను చిన్నవయ్యాయి. పోయిన ఏడాది దసరా నాటికి చీమలబారు. నేను వచ్చిన నవంబరు నుంచి నా దస్తూరి. "నీ అక్షరాలు ముత్యాల్లా ఉంటాయమ్మా, నువ్వు రాయి," అన్నాడు. నేను పొంగిపోయాను.

ఈ డైరీ కూడా చూశాను. గాలి. పాలపొదుపు. తవుడు బస్తా. గ్రీజు. పాత మీటరు. ఎవరూ చదవని పుస్తకంలో ఎవర్ని మోసం చెయ్యడానికి రాశానో.

ఒకటి మాత్రం రాయాలి. నాన్న చెయ్యి అని అర్థమైన మరుక్షణం నాకు వచ్చిన మొదటి ఆలోచన నాన్న గురించి కాదు. సీటు ఖాళీ అవుతుందని.

ఫిబ్రవరి 26, బుధవారం

చెప్పాను.

నాన్న రెక్కల్ని మెత్తటి గుడ్డతో తుడుస్తున్నాడు, ఎడమచేత్తో.

"నాన్నా, మీటరు బాగానే ఉంది."

"తెలుసమ్మా."

తుడవడం ఆపలేదు. "పద్నాలుగో తారీకు కాగితం మీద అయిదు కింద గీత గీసి చెరిపేశావు. పెన్సిలు చెరిపినా అచ్చు మిగులుతుంది. ఆ రోజే చూశాను."

గీత గీసి చెరిపిన సంగతి డైరీలో కూడా రాయలేదు నేను.

"మరి గ్రీజంటే ఎందుకు ఒప్పుకున్నావు? వాసన చూడగానే తెలిసిపోయింది కదా నీకు. మూడు రోజులు ఎందుకు విప్పించావు?"

"నాకూ అది యంత్రంలోనే దొరకాలని ఉండదా?"

గుడ్డ మడిచి పక్కన పెట్టాడు. తర్వాత ఆయన స్టూలు మీద కూర్చుని, నన్ను కూడా కూర్చోమన్నాడు. ఎప్పుడూ అలా అనడు.

"డాక్టరు దగ్గరికి వెళ్దాం. సోమవారం వెళ్దాం, నీ మాట కాదనను. శనివారం ఒక్కటీ అవనియ్యి. అడుగు ఎత్తు, నాలుగు నిమిషాలు. పనిలో పడితే చెయ్యి ఆగుతుందమ్మా."

"సీట్లో పనిలోనే ఉంది. ఆగలేదు."

"గొలుసులున్నాయని తెలిసి చేసే పని వేరు."

"గొలుసులు తీశాక స్టిక్కు అంగుళం అటు పోతే అది పక్కకి ఒరుగుతుంది. రెక్క సిమెంటుకి తగులుతుంది. ముక్కలు ఎంత దూరం ఎగురుతాయో నాకు నేర్పింది నువ్వే. కళ్ళం అంచున అత్త ఉంటుంది, పాస్టరు గారు ఉంటారు, రామకోటి గారు కొబ్బరికాయ పట్టుకుని మరీ ముందు నిలబడతారు."

నాన్న నవ్వలేదు. నాన్న ఎప్పుడూ అరవడు. ఈ మాట కూడా మెల్లగానే అన్నాడు.

"నీకా సీటు కావాలి. అంతేగా?"

చెన్నై నుంచి వచ్చి ఇన్ని నెలలైంది. ఇంట్లో నన్ను సరిగ్గా చదివిన మొదటి మనిషి ఆయన. చదివిన రోజు ఇది.

"కావాలి," అన్నాను.

లాగుపుస్తకమూ పెన్నూ తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. "మార్చి ఒకటో తారీకు పేజీ. శుక్రవారం సాయంత్రం లోపు."

ఎడమచేత్తో ఇచ్చాడు. ఎవరికీ ఏదీ ఎడమచేత్తో ఇవ్వకూడదని చిన్నప్పుడు నన్ను కొట్టిన మనిషి.

ఫిబ్రవరి 27, గురువారం

ఆయన సంతకం లేకుండా ఎక్కుతాడా? ఎక్కడు. ఆయన్ని ఆపేది నేను కాదు, ఆయన నియమం. అదే నాకు భయంగా ఉంది. నేను పెడితే ఎక్కేస్తాడు.

ఫిబ్రవరి 28, శుక్రవారం

మధ్యాహ్నం రేపల్లె బస్సు దిగి ఏసమ్మ అత్త వచ్చింది. నాన్నకి కొత్త చొక్కా తెచ్చింది, ఆకాశం రంగు. "మా తమ్ముణ్ణి గాల్లో చూసి పోదామని వచ్చానే పిల్లా. ఎన్నింటికి లేస్తుందది?"

లేవదని చెప్పాను. ఎందుకో కూడా చెప్పాను, నాన్న వింటుండగానే. అమ్మ అప్పుడే కాఫీ తెచ్చింది. నాన్న గ్లాసు సగం. నాన్న దాన్ని కుడిచేత్తో అందుకుని, అందరూ చూస్తుండగా, రెండో చెయ్యి సాయం పెట్టకుండా తాగాడు. సగం గ్లాసే అయినా వేసుకున్న చొక్కా మీద పడింది. అత్త తను తెచ్చిన కొత్త చొక్కాని మడత విప్పకుండా మళ్ళీ సంచిలో పెట్టేసింది.

తర్వాత వంటింట్లోంచి అమ్మ గొంతు. "నాన్నకి ఏమన్నా అవుతుందని దాని భయం వదినా. నాన్నకూచి కదా. ఎంత ప్రేమో."

ప్రేమ కాదు. కొలత.

లాగుపుస్తకంలో ఇలా రాశాను: ఇంజను సరి. బెల్టు సరి. రెక్కలు సరి. నడిపేవారి కుడిచెయ్యి సెకనుకి అయిదు. తగదు.

ఆ పేజీ నాన్నకి చూపించాను. అక్షరం అక్షరం చదివాడు. మొహం చూడకూడదన్నాడు కదా, చూశాను. పేజీ అంతా చదివేదాకా చూశాను.

రామకోటి గారికి ఫోన్ చేసి, రేపటి నుంచే మొక్కజొన్న పోసుకోవచ్చని చెప్పాను. ఆ సీటు నాకు కావాలి. బెంగళూరు వెళ్ళి నేర్చుకుంటాను. నేనెక్కే రోజు సంతకం నాన్న పెట్టాలి. పెట్టకపోతే నేనూ ఎక్కను.

రేపటి పేజీ మీద నేను సంతకం పెట్టను.